ముంపు రాకముందే పాత నేలను పైకెత్తాలి

బూర్గంపాడు వాళ్లకు వరద గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. గోదావరి నిండినప్పుడు కిన్నెరసాని నీరు అందులో కలవలేక వెనక్కి తన్ని ఊళ్ల మీద పడుతుంది. దానికితోడు పోలవరం. 2014లో ఆ ప్రాజెక్టు కోసమే బూర్గంపాడు మండలంలోని కొన్ని ఊళ్లు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లిపోయాయి. అప్పటి నుంచీ ఇక్కడ మాటంతా పరిహారం, పునరావాస కాలనీ, భూమికి భూమి. అది న్యాయమే. మనిషి తరవాతే ఏదైనా. కానీ మనుషులతోపాటు మునిగేది ఇంకొకటి ఉంది, పూర్వులు వదిలివెళ్లిన పాత నేల. దాని గురించి అడిగేవాళ్లు తక్కువ.

అలాంటి నేలను ఎలా కాపాడారో బయట ఒకచోట చూద్దాం. టర్కీలో యూఫ్రటిస్ ఒడ్డున జ్యూగ్మా అనే పాత రోమన్ పట్టణం ఉండేది. సంపన్నుల ఇళ్లలో నేలంతా రంగురాళ్ల ముక్కలు పేర్చిన మొజాయిక్. బిరెజిక్ ఆనకట్ట కట్టి 2000లో నీళ్లు నింపడం మొదలుపెడితే పట్టణంలో కొంత భాగం మునిగిపోయింది. ఆఖరి నెలల్లో పురావస్తు నిపుణులు రాత్రింబవళ్లు తవ్వారు. అమెరికాకు చెందిన ప్యాకర్డ్ సంస్థ 50 లక్షల డాలర్లు ఇచ్చింది. అలా దక్కిన నేలలతో గాజియాంతెప్ నగరంలో 2011లో మ్యూజియం తెరిచారు. ‘జిప్సీ పిల్ల’ అని పిలిచే ముఖం బొమ్మ మొజాయిక్‌ను చూడటానికి ఇప్పుడు దేశదేశాల నుంచి జనం వస్తున్నారు. 1960లలో అదే చోటు నుంచి దొంగలు ఎత్తుకుపోయిన 12 ముక్కలు అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయం చేతికి చేరాయి. 2018లో అవి తిరిగి సొంతగడ్డకు వచ్చాయి. నీళ్లు అందని మెట్ట మీది ఇళ్లను మాత్రం కదిలించలేదు. పైన కప్పు వేసి, నడిచేందుకు వంతెనలు కట్టి, ఉన్నచోటే ఉంచారు. అన్నిటికన్నా మెచ్చుకోవలసిన పని అదే. పైకెత్తడం ఎప్పుడూ రెండో మార్గమే. నీళ్లు తరుముకొస్తే తప్ప ఆ జోలికి పోకూడదు.

నేలను పైకెత్తడమంటే అందరికీ వచ్చిన పని కాదు. ముందు రాళ్ల మీద మట్టి తుడిచి, నీళ్లలో కరిగే జిగురుతో గుడ్డ అంటిస్తారు. దాంతో ముక్కలన్నీ కదలకుండా పట్టుకుని ఉంటాయి. తరవాత కింది సున్నపు పొర నుంచి కొంచెం కొంచెంగా విడదీసి, తిరగేసి, పాత గచ్చు గీకి, తేలికైన అల్యూమినియం పలకల మీద అమరుస్తారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో చాలా దేశాల్లో ఆ పలకల బదులు ఇనుపకడ్డీలు వేసిన సిమెంటు వాడారు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బింది, సిమెంటులోని లవణాలు రాయిలోకి పాకాయి, బొమ్మలు పగిలాయి. సరిచేయలేక ఇప్పటికీ తలపట్టుకుంటున్నారు. అది తెలిసి కూడా మన పాత గుళ్లలో జీర్ణోద్ధరణ పేరుతో రాతినేల మీద సిమెంటు పోసి, గ్రానైటు పరిచేస్తున్నారు. ఎన్నో తరాల పాదాలు అరగదీసిన రాయి అలా శాశ్వతంగా కనుమరుగవుతోంది. ఇది ఆపాలి.

రంగురాళ్ల నేలలు మన దగ్గర దొరకలేదు. మన పూర్వులు పలకరాయి పరిచారు. మన మొజాయిక్ ఎక్కిందల్లా గోడ మీదికే, హైదరాబాద్‌లోని మొహర్రం సంతాప మందిరం బాద్‌షాహీ అషూర్‌ఖానాలో. 1908 మూసీ వరదకు ఆ గోడల కిందిభాగం పెంకులు దెబ్బతిన్నాయి. ఆ పెంకుల చోట తరవాత రంగులతో బొమ్మ వేశారు. పైన అసలు, కింద నకలు. వరద చేసిన గాయం ఇప్పటికీ అక్కడ చదవొచ్చు.

ముంపు నుంచి పాత నేలను కాపాడటం మనకు తెలియని విద్య కాదు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసే నాటికే ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో నాగార్జునకొండ లోయలో తవ్వకాలు సాగుతున్నాయి. 1954 నుంచి 1960 దాకా ఆ పని నడిచింది. ఇక్ష్వాకుల విజయపురిలోని పలకరాళ్ల స్నానఘట్టాన్ని, విహారాలను, ఒక పెద్దరాతి యుగపు సమాధిని రాయిరాయీ విప్పి కొండ మీద మళ్లీ పేర్చారు. మెట్లమెట్ల రంగస్థలాన్ని అనుపులో నిలబెట్టారు. 1966లో మ్యూజియం వచ్చింది. తరవాతి కాలంలోనూ ఆ ఓపిక మనలో చావలేదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని 2006లో విప్పి, ఇసుక పునాది సరిచేసి, 2024 మహాశివరాత్రి నాటికి తిరిగి నిలబెట్టారు. పద్దెనిమిదేళ్లు చాలా ఎక్కువే. అయినా నిలబడింది.

మరి గోదావరి ఒడ్డు సంగతేమిటి? వేలేరుపాడు మండలం రుద్రంకోటలో తవ్వితే పెద్దరాతి యుగపు సమాధులు బయటపడ్డాయి. ఇటు తెలంగాణలో పినపాక వైపు జానంపేట అడవిలో అలాంటివే గుంపులుగా ఉన్నాయి. జనం రాకాసి గుళ్లంటారు. ఇలాంటి సమాధుల్లో అసలు సంగతి రాతిపలకల్లో కాదు, లోపలి నేలలో ఉంటుంది. కుండ ఎటు పెట్టారు, ఎముకలు ఏ దిక్కున పరిచారు, ఇనుప కత్తి ఎక్కడ ఉంచారు, ఇవన్నీ అక్కడే తెలుస్తాయి. పలకలు లారీలో ఎక్కించి కుండలు పెట్టెలో సర్దితే మిగిలేది రాళ్ల కుప్ప. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, తొలిదశలో 41.15. ఆ రెంటి మధ్య ఉన్న గడువును వాడుకోవాలి. మునిగేవాటిలో కనీసం కొన్నింటినైనా నేలతో సహా దిమ్మగా కోసి తేవాలి.

తెచ్చి ఎక్కడ పెట్టాలి? అమరావతికో హైదరాబాద్‌కో తరలించి గోదాములో పడేస్తే వేలేరుపాడు కోయపిల్లలు వాటిని జన్మలో చూడరు. భద్రాచలం ఐటీడీఏ ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది. రాముడి గుడికి వచ్చే యాత్రికులు ఎలాగూ ఆ ఊరు వస్తారు. అక్కడే గోదావరి ముంపు గ్రామాలకంటూ ఒక విభాగం కట్టొచ్చు. మునిగే సమాధులున్న ఊళ్లు ఆంధ్రలో, మ్యూజియం తెలంగాణలో అన్నది అడ్డు కాకూడదు. దీర్ఘకాలిక అప్పు పద్ధతిలో వస్తువులు ఇచ్చిపుచ్చుకోవడం ప్రపంచమంతటా మ్యూజియాలు రోజూ చేసే పనే. రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలూ ఒక ఒప్పందం రాసుకుంటే చాలు. చూపించి చెప్పేందుకు ముంపు ఊళ్ల యువతనే పెట్టుకోవాలి. ఖర్చు ప్రాజెక్టు పునరావాస పద్దులో చేరాలి, ఎందుకంటే నిర్వాసితులు పోగొట్టుకుంటున్న ఆస్తిలో ఇదీ ఒకటి. వచ్చే వానాకాలంలోపే రెండు శాఖల అధికారులూ కలిసి ముంపు ఊళ్లు తిరిగి, ఏవి ఉన్నచోట కాపాడగలరో ఏవి కదిలించాలో జాబితా వేసి, పంచాయతీ గోడల మీద అతికించాలి.