మోకాలికి కావలసిన చోటు

మోకీళ్ల మార్పిడి చేయించుకున్న పెద్దలు కొందరు ‘హైదరాబాదులో విమానం మారి ఢిల్లీ వెళ్లాలి, బిజినెస్ క్లాసు కొనమంటారా?’ అని నన్ను అడుగుతుంటారు. మన మధురపూడి నుండి హైదరాబాదుకు ఎగిరే ఏటీఆర్‌లో ఆ తరగతే లేదు. ప్రశ్నల్లా ఆ తరువాతి రెండు గంటల గురించే.

బిజినెస్ క్లాసు అన్నిచోట్లా ఒకటి కాదు. ఐరోపాలో దగ్గరి ప్రయాణాలకు చాలా సంస్థలు మామూలు సీట్లనే ఉంచి, నడిమి సీటును ఖాళీగా వదలుతాయి. భుజానికి చోటు దక్కుతుంది, మోకాలికి దక్కదు. మన ఇండిగో 2024లో తెచ్చిన ‘స్ట్రెచ్’లో వరుసల మధ్య దూరం 38 అంగుళాలు, మామూలు సీట్లకు 30కి అటూ ఇటూ. ఆ ఎనిమిది అంగుళాల కోసం సంస్థ వదులుకొన్న సీట్ల వెల మన టిక్కెట్టు మీదనే పడుతుంది.

రక్తం గడ్డకడుతుందన్న భయంతో మాత్రం కొనవద్దు. నాలుగు గంటలు, అంతకు మించి సాగే ప్రయాణాలలో ఆ ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. ఆ లెక్కన రాత్రంతా కూర్చుని వెళ్లే హైదరాబాదు బస్సుకే భయపడాలి! ఆపరేషనై మూడు నెలలు నిండనివారు మాత్రం ఏ ప్రయాణమైనా సర్జనును అడిగే బయలుదేరండి.

మోకాలు తొంభై డిగ్రీలు వంగనివారు కొనండి, తప్పులేదు. వంగేవారికి నడవా ప్రక్క సీటు చాలును. కుడికాలు బాధించేవారు ‘సీ’ సీటు అడగండి, నడవా కుడివైపున ఉంటుంది. ట్రాలీ వచ్చినప్పుడు కాలు లోపలికి తీసుకోండి.