పలకరింపు

మన సిక్కోలు, విజయనగరము సీమల పల్లెలలో నెవరైన దారిలో నెదురుపడినచో “అన్నము తిన్నావా?” యనియో, “ఎక్కడికి బయలుదేరినావు?” అనియో యడుగుదురు. అడిగినవారికి మన భోజనముతో గాని ప్రయాణముతో గాని పని లేదు. “నీవు మాకు పరాయివాడవు కావు” అనుటయే యా ప్రశ్నకర్థము. దీని విలువ సొంత యూరిలో నున్నంతకాలము తెలియదు.

నేను చదువు నిమిత్తము ఇటలీ దేశమునందలి టూరిన్ నగరమున కొంతకాలము నివసించితిని. నా బసకు దాపున నొక రొట్టెల యంగడి యుండెను. మొదటి మాసములలో నేను మౌనముగా లోనికి పోయి, వ్రేలితో రొట్టెను చూపి, వెల యిచ్చి వచ్చుచుంటిని. అంగడి యజమానురాలు ముభావముగా నుండెడిది. నా దేహవర్ణమే యందులకు కారణమని తలచి మనసున కుందితిని. తుద కొక సహాధ్యాయి నాకు సంగతి తెలిపెను. ఆ దేశమున అంగడిలో నడుగిడినవాడు ముందుగా “బువోన్ జోర్నో” యనవలెను, సాయంకాలమైనచో “బువోన సేర” యనవలెను, పిమ్మటనే పని. పలుకక వచ్చువాడు గర్వియని వారి తలంపు. నేనామెను తప్పుగా నెంచినట్లే యామెయు నన్ను తప్పుగా నెంచినది! మరునాటినుండి పలకరింప నారంభించితిని. కొన్ని వారములకు జ్వరముచే నాలుగు దినములు పోలేక, అయిదవనాడు పోగా, “ఇన్నాళ్లెక్కడ నుంటివి?” అని యామెయే యడిగెను. ఆ క్షణమున మా యూరి వీధిలో నిలిచినట్లు తోచెను.

మన చెవికి అమంగళముగ వినబడు “చావ్” అను మాటతో అచటి స్నేహితులు పలకరించుకొందురు. అది వెనిస్ వారి భాషలో “దాసుడను” అను నర్థము గల పదమునుండి పుట్టినది. మన “దాసోహము” వంటిదే. మనకు “నీవు”, “మీరు” ఉన్నట్లే వారికి “తూ”, “లేయి” అను భేదము కలదు. కావున మర్యాదను మనము క్రొత్తగా నేర్వనక్కరలేదు. మాటలను మాత్రము నేర్చిన చాలును.

అయితే పలకరింపొక్కటియే చాలునా? చాలదు. మన తీరపు రేవులనుండి వేలాది జనులు ఓడలెక్కి రంగూనునకు పోయి యోడ సరకులు మోసిరి. బర్మా వారును మనవలెనే “అన్నము తింటివా?” యని కుశలమడుగువారే. కాని మనవారికి “కోరంగీలు” అను పేరే నిలిచెను. కోరంగి యనునది గోదావరీముఖమునందలి యొక రేవు. ఒక రేవుపేరే యందరికిని పేరైనచోట ఒక్కొక్కని పేరెవరడుగుదురు? 1930 మే నెలలో మన రేవుకూలీలు కూలి పెంపునకై పని మానగా, కంపెనీలు బర్మీయులను పెట్టుకొని, సమ్మె తీరగానే వారిని తొలగించినవి. ఆ యాగ్రహము కంపెనీలపై గాక మనవారిపై పడెను, అనేకులు హతులైరి. కూటికి పోటీ వచ్చినచోట కుశలప్రశ్న యొక్కటియే కాపాడజాలదు.

వచ్చినవాడు పలకరింపు నేర్చుట సగము; ఉన్నవాడు వానిని తనవానిగా నెంచుట తక్కిన సగము. ఈ రెండవ సగము మనయందు కలదా? కొండలనుండి సంతకు చింతపండు తెచ్చు సవరలతో బేరమాడుటకు ముందు వారి క్షేమమడుగువారెందరు? శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో 1863లో జనించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి, సవరభాషను నేర్చి, వారి బిడ్డలకు ఆ భాషలోనే చదువు చెప్పించిరి. 1931లో దానికొక లక్షణగ్రంథమును ప్రకటించిరి. పరదేశమునకు పోకయే పరులను తనవారిగా చేసికొనిన మహనీయుడాయన.

తలిదండ్రులారా, ఈ పాఠము గృహమునందే మొదలు కావలెను. బాలబాలికలారా! మీ తరగతిలో కొండలనుండి గాని ఒడియాసీమనుండి గాని క్రొత్తగా వచ్చినవాడు వెనుకబల్లపై మౌనముగా కూర్చుండవచ్చును. ఆ మౌనమును గర్వమని తలపకుడు. ముందుగా వాని పేరడుగుడు. వాని భాషలో క్షేమమెట్లడుగుదురో వానివలననే నేర్చుకొనుడు. నాలుగు దినములు బడికి రానిచో, అయిదవనాడు “ఇన్నాళ్లెక్కడ నుంటివి?” అని మీరే యడుగుడు.