ఎండ ఎవరిది? - 4: తుడిచే గుడ్డ మాకు, కంట్రోల్ రూమ్ మీకా?



"మీ పిల్లలకి స్కిల్ లేదు, అందుకే ఉద్యోగాల్లేవు." సోలార్ శిక్షణ కంపెనీల వాళ్ళు ఏ మీటింగుకొచ్చినా ఇదే పాట. ఈ పాట సంగతి ఇవాళ తేల్చుకుందాం.

2015లో కేంద్రం సూర్యమిత్ర పథకం పెట్టింది. 600 గంటల శిక్షణ, తిండీ వసతీ ఉచితం. 50 వేల మందిని తయారుచేస్తామన్నారు. మంచిదే. కానీ గుమ్మంలోనే షరతు: పది పాసై, ఎలక్ట్రీషియన్ లాంటి ఐటీఐ ఉండాలి.

ఇప్పుడు భూమి వైపు చూడండి. కర్నూలు దగ్గర గని, శకునాలలో 1000 మెగావాట్ల పార్కు దాదాపు ఆరు వేల ఎకరాల్లో లేచింది. పక్క రాష్ట్రంలో, తెలుగు వినిపించే పావగడలో, సుమారు 13 వేల ఎకరాలు లీజుకు తీసుకున్నారు. లీజు డబ్బు పట్టా ఉన్నోడికి ఏటా వస్తుంది. ఆ చేలో కలుపు తీసిన మాదిగ అక్కకి ఏమొస్తుంది? 2013 భూసేకరణ చట్టం ప్రకారం మూడేళ్ళుగా ఆ భూమి మీద బతికిన కూలీది కూడా బాధిత కుటుంబమే. లీజు అనేసరికి ఆ చట్టమే పక్కకు పోతుంది. అక్కకి పట్టా లేదు, ఐటీఐ లేదు. పరిహారం జాబితాలోనూ లేదు, శిక్షణ జాబితాలోనూ లేదు. ఇది స్కిల్ లేకపోవడమా, కులం ఉండటమా?

సర్కారీ స్కిల్ పథకాల్లో కంపెనీకి డబ్బు గంటకింత, మనిషికింత లెక్కన వస్తుంది. వాళ్ళ లెక్క సర్టిఫికెట్లలో. మన లెక్క జీతం చీటీలో. ప్లాంటు కట్టేటప్పుడు వందల చేతులు కావాలి, కట్టాక కొద్దిమంది చాలు. ఆ కొద్దిమందిలో గడ్డి కోసేదెవరు, పలకలు కడిగేదెవరు, కంట్రోల్ రూములో కూర్చునేదెవరు? దగ్గర్లోని ప్లాంటుకు వెళ్ళి అడగండి. ప్రైవేటు కదా, 16(4) అక్కడి గేటు దాటదు.

శిక్షణ వద్దని నేననడం లేదు. 1943లో వైస్రాయ్ కౌన్సిల్ లేబర్ మెంబరుగా బాబాసాహెబ్ విద్యుత్తు గురించి మాట్లాడుతూ, ఆ యంత్రాలను మనవాళ్ళే ప్లాన్ చేసి, కట్టి, నడిపేలా శిక్షణ ఇవ్వాలన్న ప్రశ్న ముందుకు తెచ్చారు. ఆయన అడిగింది యంత్రం నడిపే చెయ్యి. వీళ్ళు మనకిస్తున్నది యంత్రం తుడిచే చెయ్యి.

అందుకే అడుగుదాం. ఐటీఐ లేని కూలీలకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు, రోజు కూలి ఇస్తూ ముందస్తు కోర్సు పెట్టాలి. ప్లాంటు నిర్వహణ కాంట్రాక్టులు ముందు ఆ ఊరి కూలీల సహకార సంఘాలకే ఇవ్వాలి. శిక్షణ పొందినవాళ్ళు ఏడాది తర్వాత ఏ పనిలో, ఎంత జీతంతో ఉన్నారో కులం వారీగా బయటపెట్టాలి. అప్పటిదాకా కంపెనీకి చివరి వాయిదా ఆపాలి.

విద్యార్థి మిత్రులారా, 2005 సమాచార హక్కు చట్టం మీ చేతిలో ఉంది. మీ జిల్లాలో ఏ కంపెనీకి ఎంత ఇచ్చారు, ఎవరికి పని దొరికింది? పది రూపాయల దరఖాస్తు పెట్టండి. జవాబు రాకపోతే, ఆ మౌనాన్నే మీటింగులో చదివి వినిపించండి.

భూమి మాది. ఎండలో మాడిన ఒళ్ళు మాది. మీట కూడా మా చేతికి రావాలి.

(ఇంకా ఉంది)