పరీక్ష తెలుగులో, ఫారం ఇంగ్లిష్‌లోనా?

బలగాల్లో చేరాలనుకునే యువతీయువకులకు, వారి తల్లిదండ్రులకు:

కేంద్ర సాయుధ బలగాల కానిస్టేబుల్ రాతపరీక్ష 2024 నుంచి తెలుగులోనూ రాయొచ్చు. సంతోషం. పరుగు పూర్తిచేసి, మెడికల్ దాటి, ఇక ట్రైనింగే అనుకునేసరికి మన పిల్లాడి చేతికి అటెస్టేషన్ ఫారం వస్తుంది. అది మాత్రం ఇంగ్లిష్, హిందీల్లో. తప్పుడు సమాచారం ఇచ్చినా, దాచినా అనర్హులేనని పైనే హెచ్చరిక. లోపల ఒక కాలమ్‌లో వరసగా ప్రశ్నలు: ఎప్పుడైనా అరెస్టయ్యారా? కేసు నడిచిందా? జరిమానా పడిందా? ‘బౌండ్ డౌన్’ అయ్యారా?

ఈ మాట దగ్గరే మనవాళ్లు బోల్తా పడేది. అది మన బైండోవరే! ఎన్నికలొస్తే పాత గొడవల్లో పేరున్న కుర్రాళ్లను జీపెక్కించి, తహసీల్దారు ముందు నిలబెట్టి బాండు రాయించడం మనకు కొత్తా? సాయంత్రానికి ఇల్లు చేరినవాడు దాన్ని కేసనుకోడు. లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయిన నిమజ్జనం కొట్లాటనూ అనుకోడు. ‘లేదు’ అని రాసేస్తాడు. పోలీసు వెరిఫికేషన్‌లో రికార్డు బయటికొస్తుంది. ఇక ఉద్యోగం పోయేది కొట్లాడినందుకు కాదు, దాచినందుకు.

తుపాకీ ఇచ్చేముందు గతం అడగొద్దని మేమనడం లేదు. అర్థమయ్యేలా అడగమంటున్నాం. ఫారంలో ప్రశ్న అస్పష్టంగా ఉండకూడదని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. చిన్న వయసులో నినాదాలు చేయడంలాంటి స్వల్ప విషయం దాచినా అధికారులు మన్నించవచ్చనీ చెప్పింది. ‘మన్నించవచ్చు’ అంటే చివరికి ఆఫీసరు దయే కదా.

సైన్యంలో అగ్నివీర్ నియామకాలపై నిరసనల్లో 2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు బోగీలు తగలబడ్డాయి. రెండు రోజులకే, నిరసనల్లో గానీ విధ్వంసంలో గానీ పాల్గొనలేదని అగ్నివీర్ అభ్యర్థులు రాసివ్వాలన్నారు. బోగీకి నిప్పు పెట్టినవాడూ, ప్లాట్‌ఫాం మీద నినాదం చేసినవాడూ ఒకటేనా? ప్రశ్న ఇలా అడిగితే నిజం చెప్పేవాడు కూడా తడబడతాడు.

అందుకే కేంద్రాన్ని అడుగుతున్నాం: ఫారం తెలుగులోనూ ఇవ్వండి. బైండోవర్‌ను బైండోవర్ అనే రాయండి. తేడా కనబడితే తీసేసే ముందు నోటీసిచ్చి, అభ్యర్థి మాట వినండి. తల్లిదండ్రులారా, మీ ఎంపీ ఊరికొచ్చినప్పుడు ఈ మూడూ కాగితం మీద పెట్టి చేతికివ్వండి.

అంతవరకూ, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, బైండోవర్ ఉంటే ‘అవును’ అనే రాయండి. బాండు నకలు, రాజీ ఉత్తర్వు నకలు తెచ్చి ఫారానికి జతచేయండి.