రోళ్ళపాడు గడ్డినేలలో ఒక పూట

శ్రీశైల యాత్రావిశేషములు గత మాసమున వ్రాసితిమి. అచ్చటినుండి నల్లమల దాటి కర్నూలు చేరి, రాత్రి విశ్రమించి, మరునాడు ప్రాతఃకాలముననే నంద్యాల దిక్కునకు ప్రయాణమైతిమి. ఆనాటి ముచ్చట యిది.

కారెక్కుటకు ముందే చిన్న వాగ్వాదము నడచినది. మధ్యాహ్నము లోపల మహానంది చేరి కోనేట స్నానమాడవలెనని అత్తగారి కోరిక. త్రోవలోని రోళ్ళపాడులో బట్టమేక పిట్టను చూడవలెనని మావారి పట్టుదల. బడిలో ఆ పక్షి బొమ్మను నల్లబల్లపై పలుమార్లు గీసిరి గాని కన్నులార చూచి యెరుగరు. తాము చూచిన పక్షుల పేర్లు వ్రాసికొను పుస్తకమున దాని పేరు ముందుగనే వ్రాసి, తేదీకి చోటు విడిచి యుంచిరి. "పిట్టకోసం దేవుణ్ణి కాచుకోమంటావట్రా?" అని అత్తగారు ముఖము ముడుచుకొనిరి. మేము ఇరువురి నడుమ కూర్చుండి ఇడ్లీల పొట్లము విప్పితిమి. అంతకు మించి చేయగలిగినది లేదు.

నందికొట్కూరు దాటిన పిమ్మట చెట్లు పలుచబడి ఆకాశము పెద్దదైనది. మిడుతూరు మండలములోని యీ రోళ్ళపాడు పూర్వము కర్నూలు జిల్లాలోనిది. 2022 నుండి నంద్యాల జిల్లాలోనిది. కనుచూపు మేర మోకాలెత్తు గడ్డి. దసరా దినములగుటచే పచ్చదనము పోయి పసిమి తిరుగుచుండెను. గాలి వీచినపుడు నేలయంతయు ఒక ప్రక్కకు వాలి మరల లేచుచుండెను. మాగాణి చూచి పెరిగిన మా నోట మొదట వచ్చిన మాట "అంతా బీడే" యనియే. అత్తగారు మాత్రము కారు దిగి, ఒక పరక త్రుంచి వ్రేళ్ళ నడుమ నలిపి, వాసన చూచి, "బీడు కాదమ్మాయీ, మేత. మా ఒంగోలు వైపు ఎడ్లకు చెంగలిగడ్డి బీళ్ళు ఇలాగే ఉండేవి. అన్నీ పొగాకు తోటలైపోయాయి" అనిరి. పదునారేండ్ల కాపురములో వారి నోట ఆ బీళ్ళ మాట మేము వినియుండలేదు.

ఈ గడ్డినేలలో సుమారు 1,500 ఎకరములను బట్టమేక కొరకే 1988లో అభయారణ్యముగ ప్రకటించిరి. అరణ్యమన్న పేరే గాని వృక్షములు లేవు. ఆ పక్షికి అవి అక్కరలేదు కూడ. మగపక్షి మీటరు ఎత్తుండి పదునైదు కిలోల వరకు తూగును. ఎగురు పక్షులలో అంత బరువైనవి లోకమున బహు స్వల్పము. గూడు కట్టదు, వట్టి నేలపైననే గ్రుడ్డు పెట్టును. అదియు సాధారణముగ ఏటికి ఒక్కటే.

"ఆ ఒక్కటీ నక్క తినేస్తే?" అని మా అమ్మాయి కావలివానిని అడిగెను.

"ఆ యేటికి అంతే పాపా" అని అతడనెను. ఆ పిట్టను తాను చూచి చాల యేండ్లైనదనియు చెప్పెను. మావారు మాటాడక దుర్భిణి కన్నులకు ఆనించుకొనిరి.

ఒకప్పుడు దక్షిణాపథపు మెట్టభూములందును, పశ్చిమ దేశపు ఎడారి అంచులందును సంచరించిన యీ పక్షులు నేడు దేశమంతట నూటయేబదికి లోపుగ, అందును అధికభాగము రాజస్థానముననే, మిగిలినవి. 2011లో దీనిని మిక్కిలి ప్రమాదములో నున్న జాతుల పట్టికలో చేర్చిరి. వేట కొంత, గడ్డినేలలు దున్నబడుట కొంత కారణము. విద్యుత్తీగెలు మరియొకటి, కన్నులు ప్రక్కలకుండుటచే ఎదుటి తీగె దానికి సరిగ కనబడదు, కనబడినను అంతటి బరువుతో చటుక్కున తప్పుకొనలేదు. జైసల్మేరు వద్ద 2019 నుండి గ్రుడ్లను సేకరించి యంత్రములలో పొదిగించి పిల్లలను పెంచుచున్నారు.

బట్టమేక కనబడలేదు గాని కృష్ణజింకలు మందగ కనబడినవి. నల్లని వీపు, మెలిదిరిగిన కొమ్ములు గల మగదొకటి తలయెత్తి మమ్ము చూచి ఒక్క దూకు దూకెను. శాకుంతలారంభమున దుష్యంతుడు తరిమిన మృగమిదియే. కృష్ణమృగము స్వేచ్ఛగ తిరుగు భూమియే యజ్ఞయోగ్యమని మనుస్మృతి చెప్పుచున్నది. మేము ఆ మాట పిల్లలకు సంబరముగ చెప్పుచు వచ్చితిమి.

కంచె దాటగనే ఒక పొలము చుట్టును పాతచీరలు కట్టియుండుట చూచి ఆగితిమి. ఎరుపు, పసుపు, అంచు చినిగిన పూలచీర: ముత్తైదువులు వరుసగ నిలిచినట్లుండెను. లోపలనుండి ఒక రైతు స్త్రీ వచ్చి, "పిట్టను చూసేకి వచ్చినారా? అందరూ దానికే వస్తారు. జింకలొచ్చి జొన్న మొలకంతా మేసిపోతాండాయి, దాన్ని చూసేకి ఎవరూ రారు" అనెను. రాత్రులందు తానును కొడుకును వంతులవారీగ మేల్కొని డబ్బాలు మ్రోగింతురట. చీరలు గాలికి కదలిన, మనుష్యులనుకొని జింకలు బెదరునట. నాలుగు దినములకు అవియు ఆ గుట్టు కనిపెట్టునట.

పిట్ట కొరకు కాపాడిన నేలలో జింకలు పదుల నుండి వందలైనవి. పిట్ట తగ్గిపోయినది, జింక మిగిలినది, నష్టము ఆమెకు వచ్చినది. బట్టమేక పేరెత్తిన ఆమెకు చేదుగ నుండుటలో వింత యేమి? మనుస్మృతి మాట ఆమె యెదుట మరల ఎత్తుటకు మాకు నోరాడలేదు. అట్లని కాపుదల తీసివేసిన ఈ గడ్డియును నాగలి క్రిందికి పోవును. ఆ రెంటిలో దేనిని కోరవలెనో మాకిప్పటికిని తెగలేదు.

అత్తగారు పెట్టె తెరిపించి తమ నేతచీరలు రెండు తీసి ఆమె చేతిలో పెట్టిరి. ఆమె ఊరకే పుచ్చుకొనలేదు. "బుడ్డలు తీసుకపోండమ్మా" అని అప్పుడే పెరికిన వేరుసెనగ కాయలు మా అమ్మాయి ఒడినిండ పోసెను.

మహానంది చేరునప్పటికి మూడు గంటలు దాటినది. నల్లమల పాదమున ఊరు నీరు కోనేటిలో ఎంత తేటగ నున్నదనగా, అడుగున పడిన నాణెము బొమ్మయో బొరుసో చెప్పవచ్చును. ఆ నీరే వెలికి పారి అరటితోటలను తడుపుచున్నది. అత్తగారు స్నానము చేసి వచ్చిన పిమ్మట మండపమున కూర్చుండి, మా కుచ్చెళ్ళకు అంటుకొన్న గడ్డిముళ్ళను చీకటి పడువరకు ఏరుచుంటిమి. రోళ్ళపాడునకు పోదలచిన సోదరీమణులు ముతక చీర కట్టుకొని, ఎండ ముదరకమునుపే, త్రాగునీరు వెంట గొని పోవలెను.

మావారి పుస్తకమున ఆ తేదీ చోటు ఖాళీగనే యున్నది. దాని క్రింది పంక్తిలో "కృష్ణజింక" యని వ్రాయబోగా, అది పక్షి కాదని అమ్మాయి ఒప్పుకొనలేదు. అహోబిల మార్గవిశేషములు వచ్చు మాసమున వ్రాసెదము.