తుంగభద్ర గేటు: వెనకున్న వంద టీఎంసీలు కాదు.. నీటి లోతే అసలు లెక్క!

2024 ఆగస్టు 10 రాత్రి. కర్ణాటకలోని హోసపేట దగ్గర తుంగభద్ర డ్యామ్ నిండుకుండలా ఉంది. ఉన్నట్టుండి 19వ గేటు చైన్ తెగింది.. గేటు కొట్టుకుపోయింది. దిగువన కర్నూలు దాకా అలర్ట్. కళ్లముందే నీళ్లు పోతుంటే మూడు రాష్ట్రాల ఆయకట్టు రైతుల్లో ఒకటే టెన్షన్.

గేటుపై ఎంత బరువు?
నీటిలో ప్రతి మీటరు లోతుకి చదరపు మీటరుపై ఒక టన్ను చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. ఈ గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. డ్యామ్ పూర్తిగా నిండితే గేటు పైఅంచు దగ్గర ఒత్తిడి దాదాపు సున్నా. అడుగున చదరపు మీటరుకి 6 టన్నులు. సగటున 3 టన్నులు. మొత్తం గేటు మీద సుమారు 340 టన్నులు!

వంద టీఎంసీలు నెట్టినట్టేనా?
కాదు. వెనకాల ఎన్ని కిలోమీటర్లు నీళ్లున్నా గేటుకి సంబంధం లేదు. అదే సైజు గేటు ఊరి చెరువుకి పెట్టి, 20 అడుగుల నీళ్లు నిలిపినా పడే భారం అంతే. వెనక నీళ్లెక్కువుంటే ప్రవాహం ఎక్కువ రోజులు సాగుతుంది, అంతే తేడా.

మిగతా గేట్లు ఎందుకు ఎత్తారు?
నీటిమట్టం తగ్గించడానికే. గేటు దగ్గర నీళ్లు 20 అడుగుల నుంచి 10కి దిగితే భారం సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. అంటే 85 టన్నులే. లోతుతో పాటు నీళ్లు తగిలే వైశాల్యం కూడా సగమవడమే కారణం. కొంత మట్టం తగ్గాక, గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు ఆధ్వర్యంలో పారే నీటిలోనే స్టాప్‌లాగ్‌ను ముక్కలుగా దించారు. వారం రోజులకు నీళ్లు ఆగాయి. జలాశయం ఖాళీ కాకుండా బయటపడింది.

అసలు పాఠం ఏంటి?
2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు కూడా ఇలాగే కొట్టుకుపోయింది. అదే ఏడాది వచ్చిన డ్యామ్ సేఫ్టీ చట్టం వానాకాలానికి ముందు, తర్వాత తనిఖీలు తప్పనిసరి చేసింది. డ్యామ్ నిండిన రోజు గేటుపై భారం ఎంతో ముందే లెక్క కట్టొచ్చు. చైన్ ఎంత తుప్పు పట్టిందో మాత్రం దగ్గరికెళ్లి చూస్తేనే తెలుస్తుంది. ఆ చూడాల్సింది నీళ్లు రాకముందే. నిండాక చైన్ మార్చాలంటే నీళ్లు వదులుకోవాల్సి రావొచ్చు.