ఉల్లంకికి విడిది

రష్యాదేశపు ఈశాన్యపు కొనయందు చుకోత్కా అను తీరము కలదు. అచ్చట మంచు కరగిన వేసవిలో పిచ్చుకంత పక్షి యొకటి గ్రుడ్లు పెట్టును. దాని తూకము సుమారు 30 గ్రాములు. ముక్కుకొన చెంచావలె వెడల్పై యుండును. గ్రుడ్డునుండి వెలువడిన నాడే పిల్లకును ఈ చెంచా యుండుట వింత. అందుచే దీనిని చెంచాముక్కు ఉల్లంకి యనవచ్చును.

చలికాలము రాకమునుపే ఈ పక్షి జపాను, కొరియా, చైనా తీరముల వెంబడి సుమారు 8,000 కిలోమీటర్లు ఎగిరి, మయన్మార్, బంగ్లాదేశ్, థాయిలాండు తీరములను చేరును. ఇంతటి ప్రయాణము ఒక్క ఊపున సాగదు. నడుమ పసుపు సముద్రపు తీరమున దిగి, ఆటువేళ బయటపడిన బురదనేలలో చిన్న పురుగులను తిని బలము కూర్చుకొనవలెను. పాత యీకలు రాల్చి క్రొత్తవి తొడుగుకొనుటయు పెక్కింటికి అచ్చటనే.

ఆ విడిదినే మానవుడు చెరిపివేయసాగెను. గట్లు కట్టి, సముద్రమును వెనుకకు నెట్టి, బురదను మెట్టగా మార్చెను. దక్షిణ కొరియాలోని సేమాన్‌గుమ్ వద్ద 33 కిలోమీటర్ల అడ్డుకట్ట 2006లో సముద్రమును మూసివేసెను. మయన్మార్‌లోని మొట్టమ అఖాతమున పేదలు తీరపు పక్షులకు వలలు పన్నుచుండిరి. ఉల్లంకులు తరిగిపోయెను. 2008లో ఈ పక్షిని మిక్కిలి అపాయస్థితిలోనున్న జాతులలో చేర్చిరి. నేడు మిగిలినవి కొన్ని వందలు మాత్రమే.

"ఆకలిగొన్న మనుష్యులుండగా పిట్టకై విచారమేల?" అని కొందరందురు. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. వల పన్నినవాడు క్రూరుడు కాడు, కూటికొరకు పన్నినాడు. పక్షిరక్షకులు ఇది యెరిగి, వలలు విడిచిన వారికి చేపలు పట్టు సాధనములు మొదలగు వేరు జీవనాధారములు కల్పించిరి. వేట చాల తగ్గెను. ఇదియే సరియైన త్రోవయని నా యభిప్రాయము. పక్షికి మేత దొరకు బురదలోనే గుల్లలు, పీతలు ఏరుకొని బ్రతుకు కుటుంబములును కలవు. బురద పోయినచో ఇరువురికిని ఆకలియే.

2012లో చుకోత్కాయందు గ్రుడ్లు సేకరించి, పిల్లలను పెంచి విడుచుటకు మొదలిడిరి. మంచి పనియే. కాని దిగుటకు చోటు లేనిచో పెంచి విడిచిన ఫలమేమి? చైనా 2018లో వ్యాపారమునకై సముద్రమును పూడ్చుటను నిలిపెను. 2019లో జియాంగ్సు తీరపు బురదనేలలు ప్రపంచ వారసత్వ స్థలములైనవి. ఒక్క దేశము కాపాడిన చాలదు. దారిలోని దేశములన్నియు కాపాడవలెను.

బాలబాలికలారా! మన కోరంగి, పులికాటు ప్రాంతములకును చలికాలమున ఉత్తరదేశములనుండి ఇతరజాతుల ఉల్లంకులు వచ్చుచున్నవి. ఒక నేలను పనికిమాలినదని తీర్పు చెప్పుటకు ముందు, అచ్చట ఎవరెవరు భుజించుచున్నారో ఒకమారు పోయి చూడుడు.